బొజ్జా, బుర్రా

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో దుర్గిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద సభ అనగానే వక్తలు ఆయన పేరున ఉన్న మందులన్నీ వరసగా చదివి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోతారు. 1895లో భీమవరంలో పుట్టి 1948లో అమెరికాలో కన్నుమూసిన ఆ మనిషి జీవితంలోంచి నేను రెండు సంగతులే తీసుకుంటాను. రెండూ ఈ పూట మాట్లాడబోయే విషయానికి పనికొచ్చేవే.

మొదటిది ఆయన హార్వర్డ్‌లో ఉన్నప్పటిది. 1920ల చివర్లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కండలో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, ఆ తర్వాత ఏటీపీనీ పట్టుకున్నారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా ఏటీపీని విడిగా కనిపెట్టాడు. మనం తిన్న ముద్ద అన్నమైనా రొట్టైనా, ఒంట్లో పని జరగాలంటే అందులోని శక్తి చివరికి ఈ ఏటీపీగా మారాల్సిందే. దీన్ని ఆబగా వాడుకునే వాటిలో మెదడు ఒకటి. ఒంటి బరువులో అది రెండు శాతమే గాని, మనం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఇరవై శాతం దానికే పోతుంది. లెక్క కట్టినా, అల్లుడి మీద కోపం తెచ్చుకున్నా దాని ఖర్చు పెద్దగా మారదు, నిద్రలోనూ ఆగదు. తిండికి పెద్ద ఖాతాదారుల్లో మెదడు ఒకటి. తిండిలో ఏ తేడా వచ్చినా దెబ్బ అక్కడ తగలకుండా ఉండదు.

రెండోది ఫోలిక్ యాసిడ్. సుబ్బారావు గారి సోదరులు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది పేగుకు పట్టక, మనిషి నీరసించి పోయే జబ్బు అది. ఆయనకూ వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు నయం చేశారు. ఆ పగ తీర్చుకున్నట్టుగా, 1945లో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. రక్తహీనత కోసం వెతికిన మందు అది. పుట్టబోయే బిడ్డ మెదడుకూ వెన్నుకూ అదెంత అవసరమో పూర్తిగా తేలేసరికి ఆయన పోయి నాలుగు దశాబ్దాలు దాటింది. దీని దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

ఇక మన ఊరి సంగతి. దుర్గి రాతిపనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ చెక్కిన విగ్రహాల్లో వినాయకుళ్ళే బోలెడు. రాయి మీద గీత గీసి చెక్కు తీస్తుంటే అన్నిటికంటే ముందుకు పొడుచుకు వచ్చేది బొజ్జే. తొండం దాని మీద వాలుతుంది, పాము దాని చుట్టూ బిగుస్తుంది. నాగార్జునకొండ, అమరావతి శిల్పాల్లో దండలు మోసే పొట్టి యక్షులకూ బొజ్జలే. రెండు వేల ఏళ్ళ పాటు ఈ నేల మీద బొజ్జంటే కలిమి. పెళ్ళిచూపుల్లో "పిల్లోడు కాస్త ఒళ్ళు చేశాడు" అంటే మెప్పుకోలే. తమాషా ఏమిటంటే, ఆ బొజ్జ చెక్కే పాతతరం శిల్పి పొట్ట వెన్నుకు అతుక్కుని ఉండేది. రోజంతా గొంతుక్కూర్చుని సుత్తి కొట్టే మనిషికి ఒంట్లో కొవ్వెక్కడ నిలుస్తుంది? ఇప్పుడు కట్టర్ మిషన్లు వచ్చాయి. రాయి తొందరగా తెగుతోంది, ఒంటికి శ్రమ తగ్గింది. కంచంలో అన్నం మాత్రం తాతల నాటి కొలతే.

ఆ అన్నమైనా తాతలు తిన్నది కాదు. పల్నాడులో జొన్నకూడు తప్ప సన్నబియ్యం దొరకదని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చాటువులు ప్రచారంలో ఉన్నాయి. ఆయన దెప్పినా మనవాళ్ళు జొన్న మీదే బతికారు. 1967లో సాగర్ కుడి కాలవకు నీళ్ళొదిలారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఈ రెండిటి మధ్యా ఒక తరంలోనే జొన్న సంగటి పక్కకు పోయి తెల్లన్నం కంచం నిండా పరుచుకుంది. ఆకలి తీరింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు, ఆకలి ఎరగని నాలాంటి వాడికి లేదు.

ఈ మధ్య నగరాల్లో మిల్లెట్ల ఉపన్యాసాలు ఎక్కువయ్యాయి. మన పూర్వులు జొన్నలు తిని వందేళ్ళు బతికారని చెప్తుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. అందులో సగమే నిజం. మిగతా సగం హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ రికార్డుల్లో ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ చిన్న పరిశోధనగా మొదలుపెట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చింది. వచ్చిన కొత్తలో అక్కడి డాక్టర్లకు ఒక జబ్బు తెగ కనిపించేది. ఎండ తగిలే చోటల్లా, ముఖ్యంగా మెడ చుట్టూ, చర్మం కాలినట్టు నల్లబడేది. దానికి తోడు విరేచనాలు, ఆ వెనకే నిద్ర పట్టకపోవడం, దిగులు, మతి తప్పడం. ఇది పెల్లాగ్రా. నయాసిన్ అనే బి విటమిన్ లోపం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదలు దీనితోనే పిచ్చాసుపత్రుల పాలయ్యారు. తిండిలోనే లోపం ఉందని అక్కడ డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ మొత్తుకున్నా చాలాకాలం నమ్మలేదు. మన దగ్గర మొక్కజొన్న లేదు కదా, మరి ఎందుకొచ్చింది? జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ఒంట్లో నయాసిన్ తయారీని అడ్డుకుంటోందని ఈ సంస్థ డాక్టర్లు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. కొట్లో పప్పూ పాడీ ఉన్న ఇళ్ళకు జొన్న చేసిన చెడేమీ లేదు. జొన్న తప్ప ఇంకేమీ లేని కంచానికే జబ్బొచ్చింది. మనిషి దిగులుగా, మందంగా ఉంటే "వాడి బుద్ధే అంత" అనుకునేవాళ్ళు. బుద్ధి కాదు, కంచం.

ఆ పొరపాటు మనం ఇంకా మానలేదు. అప్పుడు బక్కవాణ్ణి అన్నాం, ఇప్పుడు లావువాణ్ణి అంటున్నాం. బడిలో కాస్త ఒళ్ళున్న పిల్లవాడికి మొదటి రోజే పేరు పడిపోతుంది. సినిమాల్లోనూ లావు మనిషి కనబడితే నవ్వాలన్నది ఆనవాయితీ. లావంటే నోరు కట్టుకోలేకపోవడం, మొద్దుగా ఉండటం, ఇంతే లెక్క. లావు పిల్లలకు మార్కులు తక్కువని చెప్పే సర్వేలూ లేకపోలేదు. వాటిలో పేదరికం పాలెంత, నిద్ర పాలెంత, వెక్కిరింపుల పాలెంత అని విడదియ్యడం కష్టం. వాటిని పట్టుకుని ఏ పిల్లవాడి తెలివినీ తూచకండి.

అసలు ఆకలి ఎక్కడ పుడుతుంది? మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న ముద్ద ఉంది. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో దానికి కబురందాలి. ఆ కబురు మోసే హార్మోనును 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టి లెప్టిన్ అని పేరు పెట్టింది. కొవ్వు కణాలే దాన్ని తయారు చేస్తాయి. కొవ్వు పెరిగితే లెప్టిన్ పెరిగి, మెదడు "ఇక చాలు" అనాలి.

ఆ కబురు అందకపోతే ఏమవుతుంది? 1997లో కేంబ్రిడ్జి డాక్టర్లు పాకిస్తాన్ మూలాలున్న ఒక కుటుంబంలోని ఇద్దరు పిల్లల గురించి రాశారు. ఎనిమిదేళ్ళ పిల్ల బరువు 86 కిలోలు. ఆమెకు వరసకు తమ్ముడయ్యే రెండేళ్ళ వాడు 29 కిలోలు. ఎంత పెట్టినా ఆకలే, పెట్టకపోతే గోల. ఊళ్ళో ఉంటే ఆ తల్లిదండ్రుల్ని మనం ఏమని ఉండేవాళ్ళమో మీకే తెలుసు. రక్తం పరీక్షిస్తే లెప్టిన్ దాదాపు లేదు, పుట్టుకతోనే ఆ జన్యువు పాడైంది. ఆ తర్వాత ఆ పిల్లకు రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఆకలి అణిగింది, బరువు దిగింది. ఎవరూ మందలించలేదు, ఉపవాసాలు చేయించలేదు.

ఇలాంటి పిల్లలు ప్రపంచం మొత్తం మీద చాలా అరుదు. మామూలుగా లావైన వాళ్ళలో లెప్టిన్ తక్కువ కాకపోగా ఎక్కువే ఉంటుంది. మెదడే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఉలి చప్పుళ్ళ మధ్య పెరిగిన దుర్గి పిల్లలకు ఆ చప్పుడు చెవికెక్కదు చూడండి, అలాగన్నమాట. పైగా బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, మెదడు కరువొచ్చిందనుకుని ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. నెల రోజులు నోరు కట్టుకుని నాలుగు కిలోలు తగ్గినవాళ్ళకు ఆరు నెలల్లో ఐదు కిలోలు తిరిగి రావడం వెనక ఉన్నది ఇదే. మనసు గట్టిది కాకపోవడం కాదు.

కిరాణా కొట్టులో తోరణాల్లా వేలాడే ప్యాకెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు వండిన తిండి పెట్టాడు. వడ్డించిన వాటిలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేట్టు చూశాడు. ఎవరికి ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్ళు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో కిలోకు కాస్త తక్కువగా బరువు పెరిగారు. మనుషులు వాళ్ళే, మనసులూ అవే. కంచమే మారింది. మీ మనవడు ఏడిస్తే చేతిలో పెట్టే పది రూపాయల ప్యాకెట్టు గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. మన ఇంటి కంచమూ తక్కువేం తినలేదు. చెంచాడు కూర, దానికి కొండంత అన్నం. పండుమిరపకాయ పచ్చడి నాలుకను మండిస్తే ఇంకో రెండు ముద్దలు లోపలికి పోతాయి. పల్నాటి కారం గొప్పతనం పల్నాటి పొట్టల్లోనూ కనబడుతోంది.

ఇక పొట్ట నుంచి మెదడు వైపు. కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు. ముఖ్యంగా పేగుల చుట్టూ, లివరులో చేరిన కొవ్వు మంట పుట్టించే రసాయనాల్ని రక్తంలోకి వదులుతుంటుంది. ఇన్సులిన్ పని చెయ్యనివ్వదు, చక్కెర పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. మెదడులో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు ఉంటాయి. ఏళ్ళ తరబడి ఈ చక్కెరా బీపీ వాటిని గట్టిపరుస్తాయి. కొందరికి ఒకరోజు పక్షవాతంగా బయటపడుతుంది. కొందరికి ఏమీ తెలియకుండానే చిన్న చిన్న నాళాలు మూసుకుపోతూ, అరవై దాటాక మతిమరుపుగా తేలుతుంది. మతిమరుపు జబ్బుల మీద 2024లో వచ్చిన లాన్సెట్ కమిషన్ నివేదిక, మనం అడ్డుకోగల 14 కారణాల్ని చెప్పింది. నడివయసు ఊబకాయం వాటిలో ఒకటి. దానొక్కదాని వాటా చిన్నదే గాని, షుగరు, బీపీ, చెడు కొలెస్ట్రాలు, కదలకుండా కూర్చోవడం కూడా అదే జాబితాలో ఉన్నాయి. ఇవన్నీ దాని వెంట తిరిగే చుట్టాలు కదా.

ఇక్కడో మెలిక ఉంది. నలభైల్లో పొట్ట ప్రమాదం. డెబ్బైల్లో అదేపనిగా బరువు తగ్గిపోతుంటే అదీ అనుమానించాల్సిందే, కొన్నిసార్లు మతిమరుపు బయటపడక ముందే బరువు దిగుతుంది. ముసలమ్మ చిక్కిపోతోంటే "పోనీలే, ఒళ్ళు తగ్గింది" అని సంతోషపడకండి.

గురక కూడా నవ్వులాట కాదు. మెడ చుట్టూ కొవ్వు చేరినవాళ్ళకు నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పొద్దున తల దిమ్ము, మధ్యాహ్నం బండి మీద కునుకు, మాట మతికి రాకపోవడం, ఊరికే చిరాకు. ఇది వయసు మీద పడటం అనుకునేవాళ్ళే ఎక్కువ. వైద్యం ఉంది.

"నేను లావు కాదు కదా" అని నిమ్మళంగా కూర్చున్న బక్కవాళ్ళకు ఒక ఫొటో సంగతి చెబుతాను. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ పక్కపక్కన నిలబడిన బొమ్మ 2004లో లాన్సెట్‌లో అచ్చయింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఇద్దరికీ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2. చూడటానికి సన్నం, లోపల కొవ్వు. మనవాళ్ళ పిల్లలు పుట్టేటప్పుడే కండ తక్కువగా, కొవ్వు మాత్రం నిలుపుకుని పుడుతున్నారని యాజ్ఞిక్ పుణె చుట్టుపక్కల పల్లెల్లో చూపించారు. తల్లి కడుపులో చాలని తిండితో పెరిగిన ఒళ్ళు, పెద్దయ్యాక చాలినంత కన్నా ఎక్కువ తిండి చూస్తే తట్టుకోలేదు. కాలవ రాకముందు పుట్టి, కాలవ వచ్చాక తిన్న పల్నాటి తరం కథ ఇదే.

2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం మందికి అధిక బరువు లేదా ఊబకాయం. అదే వయసు ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఈ మూడు లెక్కలూ మూడు ఊళ్ళవి కావు. కొన్ని ఇళ్ళల్లో లావుగా ఉన్న తల్లికే రక్తం తక్కువ, ఆమె బిడ్డకే ఎత్తు తక్కువ. కేలరీలు నిండాయి, ఇనుము, బి12, ప్రోటీను నిండలేదు. ఇనుము చాలని పసివాడు బడిలో కూర్చున్నా పాఠం తలకెక్కదు.

ఇనుములాగే అయోడిన్‌దీ ఇదే కథ. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు కాంగ్డా లోయలో ఉప్పులో అయోడిన్ కలిపి గొంతువాపును తగ్గించి చూపారు. అయోడిన్ చాలకపోతే పిల్లల బుద్ధి ఎదుగుదలే కుంటుపడుతుంది. మనం వేసుకునే అయోడిన్ ఉప్పు వెనక ఆ పని ఉంది. ఆయనే 1996లో ఒక వ్యాసం రాశారు. ఆఫ్రికా కన్నా పేదరికం ఎక్కువ కాకపోయినా దక్షిణాసియా పిల్లలే ఎందుకు ఎక్కువ చిక్కిపోయి ఉన్నారు అన్నది ప్రశ్న. జవాబు ఆడవాళ్ళ స్థితి దగ్గర తేలింది. తక్కువ బరువున్న తల్లికి తక్కువ బరువు బిడ్డ. నాకు ఆయన చేసిన పనులన్నిటిలో ఇదే ముఖ్యమనిపిస్తుంది, మనం దీన్నే తక్కువగా తలుచుకుంటాం.

దానికి రుజువు మన తెలుగు నేల మీదే ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక ప్రయోగం జరిగింది. 15 పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ అంగన్‌వాడీ తిండి అదనంగా అందింది, మిగతా వాటికి అప్పటికింకా అందలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ళ మధ్యకు వచ్చాక మళ్ళీ వెతికి కొలిచారు. తిండి అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఆ తర్వాత ఇంకో లెక్క తీస్తే, వాళ్ళు చదివిన తరగతులు కూడా సగటున 0.84 ఎక్కువని తేలింది. రోజూ ఒక గిన్నె తిండి, గుండెకూ చదువుకూ పదిహేనేళ్ళ తర్వాత కూడా లెక్క చెప్పింది. అంగన్‌వాడీ గుడ్డును ఇంటికి తెచ్చి మగపిల్లవాడికి పెట్టే అత్తగార్లు ఇక్కడుంటే, ఈ 29 పల్లెల మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ గుడ్డు కోడలిది.

సుబ్బారావు గారి మాత్ర దగ్గరికి వద్దాం. కడుపులో బిడ్డ మెదడూ వెన్నుపామూ మొదట ఒక గొట్టంలా ఏర్పడతాయి. గర్భం నిలిచిన 28 రోజుల్లోపు ఆ గొట్టం మూసుకోవాలి. మూసుకోకపోతే తలో వెన్నో సరిగ్గా తయారవకుండానే బిడ్డ పుడుతుంది. ఇలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్ళీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ తేల్చింది. తల్లికి ఊబకాయం ఉంటే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి. మన అమ్మాయికి నెల తప్పిందని తెలిసి, ఇంట్లో చెప్పి, ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకునేసరికి ఆ 28 రోజులూ దాటిపోతాయి. మాత్ర ముందే పడాలి. బడిలో ఆడపిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఈ ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. కడుపులో తిప్పుతుందని అది కిటికీలోంచి బయటపడుతోంది. పరగడుపున కాకుండా అన్నం తిన్నాక వేసుకుంటే చాలావరకు తిప్పదు. టీతో మాత్రం వద్దు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పెళ్ళి కుదిరిన ఇంట్లో చీరల లెక్కతో పాటు ఈ మాత్ర సంగతీ డాక్టర్ని అడగాలి.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కొందరు ముందే చీటీలు పంపారు. 2025లో అవి మన మార్కెట్లోకి వచ్చాయి. అవి పనిచేసేది కూడా ఎక్కువగా మెదడు మీదే, ఆకలి తగ్గించి. అవసరమైనవాళ్ళకు మంచి మందులు. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. పెళ్ళి ఫొటోల కోసం మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే సరుకు కాదు.

మందులు కాకుండా దారుందా అంటే, ఫిన్లాండులో 1260 మంది పెద్దవాళ్ళతో రెండేళ్ళు చేసిన ఫింగర్ ప్రయోగం 2015లో అచ్చయింది. తిండి మార్చి, వ్యాయామం చేయించి, బుర్రకు పని పెట్టి, బీపీ షుగరు చూస్తూ పోతే మొత్తం మీద ఆలోచనాశక్తి నిలబడింది. అందులో ఏ ఒక్కటీ ఖరీదైన మందు కాదు. మన కంచానికి దాన్ని అతికిస్తే, అన్నం సగానికి దించి పప్పూ గుడ్డూ ఆకుకూరా పెంచడం. జొన్నరొట్టె పక్కన పప్పుంటే అదీ మంచిదే.

ఇక ఉపన్యాసం చాలు. బల్ల మీద కొలత టేపు పెట్టాను. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే పేరు రాసుకుని షుగరు, బీపీ కూడా చూస్తాం. ముందు మగవాళ్ళు రండి. మీ గురక సంగతి మాత్రం మిమ్మల్ని అడగను, ఇంట్లోవాళ్ళను అడిగి రాసుకుంటాను.